‘తిన్నాడు’ అని రాసినందుకు 13 నెలలు

రిజిస్టర్డ్ పోస్టు వచ్చిన రోజు నేను పొగాకు బ్యారన్ గోడకి మట్టి మెత్తుతున్నా. చేతుల నిండా బురద ఉందంటే పోస్ట్‌మాన్ "వేళ్ళు తుడుచుకుని సంతకం పెట్టబ్బాయ్, ఎక్‌నాలెడ్జ్‌మెంటు ఉంది దీనికి" అన్నాడు. కవరు మీద ఒంగోలు అడ్వకేటు స్టాంపు. పంట లోను గొడవేమో అనుకుని అక్కడే చింపి చూశాను. నాలుగు పేజీల ఇంగ్లీషు. నాకు అర్థమైనవి మూడే: నా పేరు, మా ఊళ్ళో పనులు చేసే కాంట్రాక్టరు పేరు, పది లక్షల రూపాయలు.

అది 2024 సెప్టెంబరు రెండో వారం. మాది ఒంగోలు నుంచి కొండపి వైపు వెళ్ళే దారిలో ఊరు. పేరు రాయను. ఎందుకు రాయనో చదివితే మీకే తెలుస్తుంది.

సంగతి ఇదీ. ఆ ఏడు ఫిబ్రవరిలో ఉపాధి హామీ మెటీరియల్ నిధులతో రామాలయం వీధిలో సీసీ రోడ్డు వేశారు, బోర్డు మీద 5 లక్షలని రాశారు. అవి ఆకు కొట్టి బ్యారన్ పెట్టే రోజులు, ఊళ్ళో ఎవరికీ తలెత్తి చూసే తీరిక లేదు, నేనూ చూడలేదు. ఆగస్టులో వానలు పడ్డాక ట్రాక్టరు ఎక్కి ఒక అంచు విరిగింది. విరిగిన చోటే మా అమ్మ కాలు మడతపడి పది రోజులు మంచం దిగలేదు. ఆ కోపంలో టేపు తీసుకెళ్ళి కొలిచాను. నాలుగంగుళాలకి ఒక గీత తక్కువ. ఉండాల్సింది 15 సెంటీమీటర్లు, అంటే ఆరంగుళాలు. నేనేమీ ఇంజినీరుని కాదు, సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంటు ఎవరితోనో అంటుంటే విన్నా, అంతే.

రాత్రి అన్నం తిని పడుకోబోతూ ఫోన్లో ఇట్టా కొట్టాను: "రామాలయం వీధి రోడ్డు ఆరంగుళాలు ఉండాల, నాలుగంగుళాలే ఉంది, ఫొటో చూడండి. మిగతా రెండంగుళాలు ఎవరు తిన్నారో ఊరందరికీ తెలుసు. ఫలానా గారూ, దొంగబిల్లు బాగా అరిగిందా?" ఫలానా అన్నచోట ఆయన పేరు ఇంటిపేరుతో సహా పెట్టాను. ఫేస్‌బుక్‌లో వేసి, మా ఊరి వాట్సాప్ గ్రూపులోనూ వేశాను. తెల్లారేసరికి నవ్వే బొమ్మలు, చప్పట్ల బొమ్మలు, దుబాయ్‌లో ఉన్న మా ఊరి కుర్రాడు "మగాడివిరా" అని. ఆ మాటకి ఎంత పొంగిపోయానో ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది. దుబాయ్‌లో ఉన్నవాడికేం, వాయిదాకి వాడు రాడు కదా.

మొదట ఫోనొచ్చింది స్టేషన్ నుంచి. ఎస్సై రమ్మన్నారంటే మా ఇంట్లో పొయ్యి వెలగలేదు ఆ పూట. తీరా వెళ్తే ఆయన మర్యాదగానే మాట్లాడాడు. "పరువు నష్టం కేసు మేం కట్టేది కాదు, నాన్ కాగ్నిజబుల్, ఆయన్ని కోర్టుకి పొమ్మన్నాను, నువ్వు మాత్రం నోరు అదుపులో పెట్టుకో" అని టీ ఇప్పించి పంపాడు. బతికిపోయాం అనుకున్నా. ఇంటికొచ్చి చేసిన మొదటి పని పోస్టు డిలీట్ చేయడం. రెండో పని, గ్రూపు అడ్మిన్ అయిన మా చిన్నాన్న కొడుకు "నన్నిందులో ఇరికించకురా" అంటే వాణ్ణి ఓదార్చడం. ఎవరో రాసిందానికి అడ్మిన్‌ని పట్టుకోలేరని తర్వాత తెలిసింది కానీ అప్పటికే వాడు గ్రూపే మూసేశాడు, పొగాకు రేట్లు తెలుసుకోవడానికి కూడా గ్రూపు లేకుండా పోయింది ఊరికి.

నోటీసు పట్టుకుని ఒంగోలు లాయర్‌పేటలో ఒక లాయరు మేడంగారి దగ్గరికి వెళ్ళాను, మా మేనమామ భూమి కేసు చూసినావిడ. నోటీసు చదివి ఆవిడ అడిగిన మొదటి మాట: "పోస్టు ఏదీ?" డిలీట్ చేశానంటే పెన్ను బల్ల మీద పడేసింది. "వాళ్ళ దగ్గర స్క్రీన్‌షాట్ ఉంటుంది. నీ దగ్గరే లేదు. నువ్వు కొలిచిన ఫొటో కూడా పోస్టుతో పాటే తీసేశావా?" ఫొటో ఫోన్లో ఉంది, అదొక్కటే అదృష్టం. మీకెవరికైనా ఇట్టాంటి నోటీసొస్తే ముందు మీ పోస్టుని తేదీ, లింకు, కింద కామెంట్లతో సహా దాచుకోండి. ఉంచాలా తీసేయాలా అన్నది తర్వాత లాయరుతో మాట్లాడుకోవచ్చు. తీసేసినంత మాత్రాన తప్పు మాసిపోదు, పైగా భయపడి తీసేశాడంటారు.

నేను గుర్తున్నంతవరకు మూడు వాక్యాలూ కాగితం మీద రాసిచ్చాను. ఆవిడ కింద గీతలు గీస్తూ పోయింది. "మొదటిది కొలత, దానికి నిన్నెవరూ ఏమీ చేయలేరు. రెండోది గొణుగుడు. మూడోది చూడు, పేరుంది, దొంగ అని ఉంది, అరిగిందా అంటే తిన్నాడనే. కేసంతా ఇక్కడే." నేను ఊరుకోకుండా, "66ఏ సుప్రీంకోర్టు కొట్టేసింది కదా మేడం" అన్నాను, ఫేస్‌బుక్‌లో చదివిన చదువు. ఆవిడ నవ్వింది. 66ఏ కొట్టేసింది 2015లో, నిజమే, కానీ అది ఆన్‌లైన్‌లో నొప్పించే రాతల మీద ఐటీ చట్టంలో ఉన్న సెక్షను. పరువు నష్టం వేరే. పాత ఐపీసీలో 499, 500. దాన్నీ కొట్టేయమని కోర్టుకి పోతే 2016లో సుప్రీంకోర్టు ఉండాల్సిందే అంది. 2024 జులై 1 నుంచి అదే భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షను అయింది. రెండేళ్ళ దాకా సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, కొత్తగా సమాజ సేవ కూడా చేర్చారు. రెండేళ్ళనగానే మా అమ్మ "రాహుల్ గాంధీకే వేశారంట గదరా రెండేళ్ళు" అని ఏడుపు. ఆయనకి సూరత్ కోర్టు 2023లో వేసిన మాట నిజమే, ఎంపీ పదవి కూడా పోయింది, మళ్ళీ ఆగస్టులో సుప్రీంకోర్టు స్టే ఇస్తే తిరిగొచ్చింది. అదంతా చెప్పినా ఆమె చెవికెక్కింది రెండేళ్ళు ఒక్కటే.

నిజం రాస్తే తప్పేంటి అని నా వాదన. ఇక్కడే నాకు తెలియని సంగతి ఒకటుంది, చాలామందికి తెలియదనుకుంటా. సివిల్ కేసులో రాసింది నిజమని తేలితే చాలు. క్రిమినల్‌లో నిజం ఒక్కటే చాలదు, అది జనం మంచి కోసం రాసిందై కూడా ఉండాలి. 356లో పది మినహాయింపులున్నాయి, అందులో మొదటిదే ఇది. ప్రభుత్వోద్యోగి డ్యూటీలో చేసిన పని మీద, ప్రజలకు సంబంధించిన విషయంలో ఎవరైనా నడుచుకున్న తీరు మీద మంచి ఉద్దేశంతో అభిప్రాయం చెప్పుకోవడానికీ మినహాయింపులున్నాయి. కానీ మినహాయింపు కావాలంటే అది నాకు వర్తిస్తుందని చూపించుకోవాల్సింది నేనే. "రెండంగుళాలు తగ్గిందని చూపించు, సరే. ఆ తగ్గిన డబ్బు ఆయన జేబులోకి పోయిందని ఎట్టా చూపిస్తావు?" అంది మేడం. నా దగ్గర సమాధానం లేదు. ఊరందరికీ తెలుసు అనేది సమాధానం కాదని అప్పుడు తెలిసింది. ఊరందరిలో కోర్టుకొచ్చి చెప్పేవాడు ఒక్కడూ లేడు.

రిప్లై నోటీసుకి మూడు వేలు తీసుకుంది. పది లక్షలకి సూటు వేస్తారా అని నాకు నిద్ర పట్టేది కాదు. "సివిల్‌లో వేయాలంటే అడిగే మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు ముందే కట్టాలి, కాంట్రాక్టరు కదా, లెక్క చూసుకుంటాడు" అంది. పోస్టు పెట్టిన రోజు నుంచి ఏడాదిలోపు వేయకపోతే ఇక వేయలేడని కూడా చెప్పింది. అప్పట్నుంచి మా ఇంట్లో టొబాకో బోర్డు క్యాలెండర్‌లో ఆగస్టు 25 చుట్టూ ఒక గుండ్రం గీశాను. రోజూ దాన్ని చూసేవాణ్ణి.

సివిల్‌కి పోలేదు గానీ క్రిమినల్ కంప్లైంటు వేశాడు. డిసెంబర్లో కోర్టు నుంచి నోటీసొచ్చింది. సమన్లు కాదు, కేసు తీసుకోవాలా వద్దా అనే ముందు నువ్వేం చెప్పుకుంటావో చెప్పమని. ఇది కొత్త చట్టంలో, భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 223లో వచ్చిన పద్ధతి, పాత చట్టంలో ఈ దశలో ముద్దాయిని పిలిచేవాళ్ళే కాదంట. మేడం ఓ గంట చెప్పింది. మేజిస్ట్రేటు గారు ఓపిగ్గా విన్నారు. తర్వాతి వాయిదాకి, ఇవన్నీ విచారణలో తేలాల్సినవి అని కేసు తీసుకున్నారు. నంబరు పడింది. నాకు టెన్షన్ ఎక్కువైంది, మేడం మాత్రం "ఇప్పుడు కనీసం మనం ఏం చెప్పామో రికార్డులో ఉంది" అని తేలిగ్గా అంది.

ఏప్రిల్లో మొదటిసారి ముద్దాయిగా హాజరవ్వాలి. అదే రోజు వేలం ప్లాట్‌ఫారంలో మా బేళ్ళు పెట్టాల్సిన రోజు. బామ్మర్దిని వేలానికి పంపి నేను కోర్టుకి పోయాను. జామీనుదారులు ఇద్దరు కావాలన్నారు. బెయిలబుల్ కాబట్టి అరెస్టేమీ లేదు, సొంత పూచీకత్తు, ఇద్దరి జామీను, తలా పదివేలకి. జామీనుకి ఇంటి విలువ సర్టిఫికెట్టు కావాలంటే అది పంచాయతీ కార్యదర్శి ఇవ్వాలి. ఏ పంచాయతీ పని మీద రాశానో ఆ పంచాయతీ ఆఫీసు వరండాలోనే మా మేనమామ, పక్కింటి బాబాయి రెండు పూటలు కూర్చున్నారు. ఆయన ఇవ్వనని అనలేదు, రేపు రమ్మన్నాడు, అంతే. ఎట్టాగో ఇచ్చాడు.

కోర్టులో అసలు పని ఐదు నిమిషాలు. మిగతాదంతా నిలబడటం. పదిన్నరకి పోతే అటెండరు మూడుసార్లు పేరు పిలిచేసరికి రెండయింది. నా పేరు ఆ వరండాలో అంత గట్టిగా వినపడేసరికి కాళ్ళు వణికాయి. బెంచీ మీద పక్కన కూర్చున్నాయన చెక్ బౌన్సు కేసు, నాలుగో ఏడంట. "మీదేంటి?" అంటే చెప్పాను. "రోడ్డు మీద రాసినందుకా?" అని నన్ను పైనుంచి కింది దాకా చూసి అరటిపండు ఒకటి ఇచ్చాడు. ఆ తర్వాత వాయిదాల్లో రానవసరం లేకుండా మేడం పిటిషన్లు వేసేది, కొన్నిటికి ఒప్పుకున్నారు, కొన్నిటికి లేదు. బేళ్ళకి రేటు ఆ రోజు తగ్గిందని బామ్మర్ది ఇప్పటికీ దెప్పుతాడు, నేనుంటే మాత్రం రేటు పెరిగేదా?

ఈలోపు ఎం.బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) కాపీ కోసం ఇంజినీరింగ్ డీఈ ఆఫీసుకి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. ఫీజు పది రూపాయలు, కాగితానికి రెండు. 30 రోజులు దాటినా జవాబు లేదు, మొదటి అప్పీలుకి పోతే అప్పుడిచ్చారు. కొలతల పుస్తకంలో మందం 0.15 మీటర్లు, పొడవునా అదే అంకె, ఒక్కచోట తేడా లేదు. కొలతలు సరిచూశామనే చెక్ మెజర్‌మెంటు సంతకం ఉంది. అంటే కాగితం మీద రోడ్డు నిక్షేపంలా ఉంది. నా తప్పు ఇంకొకటి కూడా ఇక్కడే తెలిసింది: ఆర్టీఐలో కాగితాలే కాదు, పనిని చూసే హక్కు, అధికారికంగా శాంపిల్ తీసుకునే హక్కు కూడా ఉన్నాయి. 2005 నుంచీ ఉన్నాయి. ఆ పని ముందు చేసి ఉంటే నా టేపు అవసరమే లేదు. పైగా ఉపాధి పనులకి ప్రతి ఊళ్ళో సామాజిక తనిఖీ జరుగుతుంది, మా ఊళ్ళోనూ జరిగింది, గ్రామసభకి వచ్చిందెంతమందో నేను అడగలేదు, నేను పోలేదు కాబట్టి.

కానీ ఆ కాగితాల్లోనే మేడంకి ఇంకోటి దొరికింది. ఉపాధి హామీ పనుల్లో కాంట్రాక్టర్లు ఉండకూడదని అప్పటి చట్టంలోనే ఉంది. కాగితాల ప్రకారం ఆ రోడ్డు వేసింది పంచాయతీ. కాంట్రాక్టరు పేరు ఎక్కడా లేదు. ఊళ్ళో మాత్రం అందరికీ ఆయన కాంట్రాక్టరే, నేను రాసిందీ అట్టాగే, ఆయన కంప్లైంటులో రాసుకున్నదీ "ఈ పని నేను నాణ్యంగా పూర్తి చేశాను" అనే.

జులైలో ఆయన బోనెక్కాడు. తెల్ల చొక్కా, చేతిలో ఫైలు, నన్ను చూడలేదు. ముందు వాళ్ళ లాయరు చెప్పించాల్సింది చెప్పించాడు: పిల్ల పెళ్ళి సంబంధం మాట్లాడుతుంటే ఆ పోస్టు చూపించి అడిగారని, తలెత్తుకోలేకపోయానని. ఆ మాట వినేటప్పుడు నాకు ఎక్కడో గుచ్చుకుంది. అబద్ధమని అనిపించలేదు. తర్వాత మేడం లేచి ముందు స్క్రీన్‌షాట్ గురించి అడిగింది, ఎవరి ఫోన్లోది, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇవ్వాల్సిన సర్టిఫికెట్టు ఎవరు ఇచ్చారు అని. మేనల్లుడి ఫోనంట, సర్టిఫికెట్టు ఈయన సంతకంతో ఉంది. పోస్టు నాదే కదా, దీని మీద వాదనేంటని నాకు లోపల ఇబ్బందిగానే ఉంది. వాయిదా ముందు రోజు అదే అడిగితే, "నిన్ను అబద్ధం చెప్పమనలేదు, రుజువు చేయాల్సింది వాళ్ళు, వాళ్ళ పని వాళ్ళని చేయనీ" అంది.

తర్వాత నెమ్మదిగా అడిగింది.

"ఈ పనికి మీరేమవుతారండీ?"

"నేనే చేశానండీ."

"పంచాయతీ చేసిందని రికార్డు. మీరు ఏ హోదాలో చేశారు?"

ఆయన వాళ్ళ లాయరు వైపు చూశాడు. లాయరు ఫైలు తిప్పుతున్నాడు. "పర్యవేక్షణ" అన్నాడాయన చివరికి. ఎవరు పర్యవేక్షించమన్నారు, కాగితం ఉందా అంటే లేదు. బిల్లు డబ్బు మీకు రాలేదు కదా, మరి దొంగబిల్లు అన్నది మిమ్మల్నని ఎట్టా అనుకున్నారు అంటే చెమట తుడుచుకున్నాడు. చేశానంటే ఉపాధి చట్టం అడ్డొస్తుంది, చేయలేదంటే కేసే ఉండదు. టైమైపోయి మిగతా క్రాస్ ఎగ్జామినేషన్ ఆగస్టుకి వాయిదా పడింది. నాకు ఈల వేయాలనిపించింది. బయటికొచ్చాక మేడం నా మొహం చూసి, "సంబరపడకు, నీ టేపు కొలత విరిగిన అంచు దగ్గరిది, అంచులు పల్చగా ఉండటం మామూలే అని వాళ్ళు ఇంజినీరుని తెస్తే నువ్వు ఎక్కడుంటావో ఆలోచించుకో" అంది. గాలి తీసేసింది.

ఆగస్టు వాయిదాకి ఆయన రాలేదు, ఒంట్లో బాగోలేదని పిటిషన్. క్యాలెండర్‌లో గుండ్రం గీసిన రోజు దాటిపోయింది. నాలుగు రోజులకి మా ఊరి పెద్దాయన ఒకరు బ్యారన్ దగ్గరికొచ్చి మంచం మీద కూర్చుని, "ఏంది అబ్బయ్యా, ఎన్నాళ్ళు తిరుగుతారు ఇద్దరూ, లోక్ అదాలత్ ఉందంట గదా" అన్నాడు. అప్పటికి నాకు లాయరు ఫీజు, జామీను ఖర్చు, బస్సులు, జిరాక్సులు అన్నీ కలిపి 40 వేలు దాటింది. (డబ్బు లేనివాళ్ళు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగొచ్చు, ఆడవాళ్ళకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయం చూడకుండానే లాయర్ని ఇస్తారు. నాకు వర్తించలేదు.) ఈ సెక్షను రాజీ పడదగ్గదే, పరువు పోయినాయన ఒప్పుకుంటే చాలు. సరేనన్నాను.

సెప్టెంబర్లో లోక్ అదాలత్. రాజీకి పదిహేను నిమిషాలు పడుతుందనుకుంటే మూడు గంటలు పట్టింది, అదీ ఒక్క మాట దగ్గర. వాళ్ళ కాగితంలో "బేషరతుగా క్షమాపణ కోరుచున్నాను" అని ఉంది. నేను విచారం అంటాను గానీ క్షమాపణ అనను అన్నా. విచారం అంటే ఎవరైనా చచ్చిపోతే పడేది, మాకొద్దు అన్నాడాయన. ఇది ఆయన నాతో నేరుగా అన్న మొదటి మాట, ఏడాదిలో. "రోడ్డు నాణ్యంగా ఉందని కూడా రాయాలి" అన్నాడు. అది మాత్రం రాయను, కావాలంటే కేసే నడపండి అన్నా. నా గొంతు పెరిగింది, పక్క బెంచీ వాళ్ళు తిరిగి చూశారు. మేడం నా చెయ్యి పట్టి కూర్చోబెట్టి, కాగితం వెనక్కి తిప్పి తన పెన్నుతో రాసింది: "ఆయన డబ్బు తీసుకున్నారనడానికి నా వద్ద ఆధారం లేదు. దొంగ అని, తిన్నారని రాసినందుకు చింతిస్తున్నాను." రోడ్డు ఊసే లేదు. ఆయన రెండుసార్లు చదివాడు. "చింతిస్తున్నాను" మీద వేలు పెట్టి, "ఇది క్షమాపణ కిందికి వస్తుందా?" అని వాళ్ళ లాయర్ని అడిగాడు. వస్తుందన్నాడు లాయరు. నేనూ మా మేడంని చూశాను. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది. సంతకాలు పెట్టాం.

మెట్లు దిగుతుంటే ఆయనే ఆగి "అమ్మ కాలు ఎట్టుంది?" అన్నాడు. బాగుందన్నా. సంబంధం కుదిరిందా అని నేనడగలేదు, అడగాల్సిందేమో.

ఆ రెండు వాక్యాలూ ఆ రాత్రే ఫేస్‌బుక్‌లో పెట్టాను, ఒప్పందం ప్రకారం ముప్పై రోజులు ఉంచాలి. "ఎంతకి అమ్ముడుపోయావు?" అని కామెంటు పెట్టింది ఎవరనుకున్నారు, దుబాయ్ కుర్రాడే. జవాబు ఇవ్వలేదు.

రోడ్డు సంగతి ఆగలేదు. జనవరిలోనే సోమవారం కలెక్టరేటులో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి ఉన్నా, ఎవరి పేరూ లేకుండా, రోడ్డు మందం తనిఖీ చేయించమని ఒకే ఒక్క వాక్యం. జులై చివర్లో క్వాలిటీ కంట్రోల్ వాళ్ళొచ్చి మూడు చోట్ల రోడ్డు తొలిచి కాంక్రీటు ముక్కలు (కోర్) తీసుకుపోయారు. రెండు గుంతలు పూడ్చారు. మూడోది మా గేటు ముందే ఉంది, ఇంకా పూడ్చలేదు, వాననీళ్ళు నిండితే కోడిపిల్లలు తాగుతుంటాయి. నీళ్ళు ఎండినరోజు టేపు పెట్టి దాని లోతు చూశాను. ఎంతుందో మాత్రం ఇక్కడ రాయను. రిపోర్టు కాపీ కోసం దరఖాస్తు పెట్టాను, పది రూపాయల స్టాంపు అంటించి.